తడి గుడ్డల పద్దు

పోయిన సంచికలో లాకరుకు నామినేషను ఎందుకు రాయించుకోవాలో నేను రాసింది చదివి, సంఘం ఉగాది వేడుకలో ఒక పెద్దావిడ నన్ను పట్టుకున్నారు. "ఏమండీ, మీకెప్పుడూ ఆ బ్యాంకు గొడవేనా? ఇంట్లో ఆడవాళ్ళకు పనికొచ్చేది ఒక్కటైనా రాయరా?" అన్నారు. ఆవిడ మాట తీసెయ్యలేక ఈసారి ఖాతాల జోలికి పోవటం లేదు. ఈసారి సంగతి పసిబిడ్డలకు కట్టే గుడ్డలు. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే, బిడ్డ పోసిన ఉచ్చ గుడ్డలోనే ఉండి పక్కమీదికి రాకుండా ఎట్లా చూసుకోవాలన్నది. యాభై దాటిన బి.కాం. వాడికి ఈ పని ఏమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. రాత్రి రెండు గంటలప్పుడు మూడోసారి దుప్పటి మార్చినవాళ్ళు మాత్రం నవ్వరు.

పోయిన సంవత్సరం ఏప్రిల్లో మా అమ్మాయి కాన్పుకు బెంగుళూరు నుంచి సత్యనారాయణపేటలో ఉన్న మా ఇంటికి వచ్చింది. బళ్ళారిలో ఉన్నవి రెండే కాలాలు, ఒకటి ఎండాకాలం, రెండోది మరీ ఎండాకాలం అని మా ఊళ్ళో ఒక హాస్యం ఉంది. రెండోది నడుస్తుండగా మగపిల్లవాడు పుట్టాడు. బరువు 2.9 కేజీలు. మూడోరోజు ఇంటికి తెచ్చాము. హారతి పళ్ళెం దించకముందే మావాడు నా చొక్కా తడిపి గృహప్రవేశం చేశాడు.

ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి. ఒకటి మా అమ్మది. ఎనభై దాటింది, ఆదోని ఆడపడుచు. 1953 అక్టోబరు 1 దాకా ఆదోనీ బళ్ళారీ ఒకే జిల్లా కదా, ఆ రోజుల్లో ఆమెది పరాయి ఊరు కాదు. గీత గీసిన తరువాత పరాయి రాష్ట్రం అయిందంతే. ఆమె పెట్టెలోంచి మా నాన్నగారి పాత మల్లుపంచెలు నాలుగు తీసి, చించి, ఉతికి మడత పెట్టి ఉంచింది. రెండో పార్టీ మా అమ్మాయిది. దాని పెట్టెలో డైపర్ల ప్యాకెట్లు మూడు, అంగట్లో కొన్న కొత్త లంగోటీలు డజను. మా ఆవిడ ఎటూ చెప్పక, రెండు వైపులా ఉతకవలసింది తానే కాబట్టి మౌనంగా ఉంది.

మొదటి వారం ఏ పార్టీ గుడ్డ కట్టినా తడి బయటికే వచ్చింది. పొత్తిగుడ్డ, దాని కింద బొంత, బొంత కింద రబ్బరు షీటు, ఒక్కోనాడు తల్లి చీర కూడా. మా వీధి కుళాయికి ఎండాకాలంలో రోజూ నీళ్ళు రావు. వచ్చిననాడు తుంగభద్ర నీళ్ళు పట్టుకోవాలి, రానినాడు బోరు నీళ్ళు. మిద్దెమీద తీగలకు జెండాల్లాగా గుడ్డలు. ఎండ పుణ్యమా అని అరగంటలో ఆరేవి గానీ, ఆరేలోపు ఇంకో మూడు తయారు.

నేను లెక్కల మనిషిని కాబట్టి ముందు లెక్క వేశాను. వారం దాటిన పసిబిడ్డ రోజుకు పదిహేను ఇరవైసార్లు ఉచ్చ పోస్తాడు. ఒక్కోసారికి రెండు మూడు టీచెంచాలు. అంతా కలిపినా పావులీటరు అటూ ఇటూ. అంటే పెద్ద గ్లాసుడు నీళ్ళు, అదీ ఇరవై నాలుగు గంటలకు. ఇంత తక్కువ సరుకు ఇంత దూరం పాకిందంటే తప్పు సరుకుది కాదు, గిడ్డంగిది. కాబట్టి ఆడిటు గిడ్డంగికి చెయ్యాలి.

కొత్త లంగోటీలతో మొదలుపెట్టాను. అన్నిటికన్నా ఎక్కువ కారింది వాటిలోంచే. ఖరీదైనవి, మెత్తనివి, బొమ్మలున్నవి. మా వీధి చివర జీన్స్ వాషింగ్ యూనిట్‌లో పనిచేసే కుర్రవాడు ఉన్నాడు. బళ్ళారి జీన్స్ ప్యాంట్లు కుట్టే ఊరని మీకు తెలిసే ఉంటుంది. అతన్ని అడిగితే ఒక్క ముక్కలో తేల్చాడు. "సార్, కొత్తగుడ్డకు మగ్గం మీద పెట్టిన గంజి ఉంటుంది. మేము ప్యాంటును ముందు ఆ గంజి పోయేట్టు ఉతుకుతాము. అది పోకపోతే నీళ్ళు లోపలికి దిగవు" అన్నాడు. దూదికి పుట్టుకతో వచ్చే జిడ్డు కూడా కొంత ఉంటుందట. మా పక్కింటి కన్నడావిడ గోడమీంచి ఇదే మాట ఇంకో రకంగా చెప్పింది: "హొస బట్టె నీరు హిడియల్ల, హళే పంచె హాకిరి." కొత్తగుడ్డ నీళ్ళు పట్టదు, పాత పంచె వేయండి అని. కాన్పుకు నెలముందే కొత్తగుడ్డలను వేడినీళ్ళల్లో నాలుగైదుసార్లు ఉతికి ఆరేస్తే ఈ బాధ లేదు. మేము ఒక్కసారి జాడించి కట్టాము.

మా అమ్మ విజయగర్వంతో చూసింది. కానీ ఆమె పంచెలు కూడా ఆడిటు దాటలేదు. వాటిలో రెండు బాగానే పీల్చాయి, రెండు పీల్చలేదు. ఆ రెండూ మా నాన్నగారు పెళ్ళిళ్ళకు కట్టుకునేవి, గంజి దట్టంగా పెట్టి ఇస్త్రీ చేసినవి. ఏళ్ళ తరబడి పెట్టెలో ఉన్నా గంజి గంజే. అది సరే, మొదట బాగా పీల్చిన పంచెముక్కలు కూడా వారం తిరిగేసరికి మొండికెత్తాయి. ఎందుకా అని చూస్తే మూడు కారణాలు కనబడ్డాయి.

ఒకటి, మా బోరు నీళ్ళు. సున్నం నీళ్ళు. సబ్బు వేస్తే నురగ రాదు, తెల్లటి తెట్టు వస్తుంది. ఆ తెట్టు నూలు పోగుల మధ్య కూర్చుని గుడ్డను అట్టలాగా చేస్తుంది. రెండు, గుడ్డలు బిడ్డకు గుచ్చుకుంటున్నాయని మా అమ్మాయి చివరి జాడింపులో వేసిన వాసన ద్రావకం. అది గుడ్డను మెత్తగా చేసేది నూలుపోగుకు పైపూత పూసే. ఆ పూత మీద నీళ్ళు జారిపోతాయి. మూడోది మా అమ్మ చేతి చలవ. రోజూ పొద్దున ఆముదం రాసి, తొడలూ నడుమూ పిసికి, శెనగపిండితో రుద్ది నీళ్ళు పోసేది. నూనె పూర్తిగా పోయేది కాదు, నిగనిగలాడే బిడ్డకు గుడ్డ కట్టేవాళ్ళం. గుడ్డ ముందు ఆముదం తాగేది. ఆముదం తాగిన గుడ్డ ఇంక నీళ్ళు ఎందుకు తాగుతుంది?

ఇది తెలుసుకోవటానికి పెద్ద పరీక్ష అక్కరలేదు. ఆరిన గుడ్డను చేతిమీద పరచి ఒక్క నీటిబొట్టు వేయండి. వెంటనే ఇంకితే మంచిగుడ్డ. తామరాకు మీద బొట్టులాగా నిలబడితే అది పక్క తడిపే గుడ్డ. అట్లాంటివాటిని మా ఆవిడ కొద్ది సబ్బుతో కాగే నీళ్ళల్లో నానబెట్టి, తుంగభద్ర నీళ్ళు వచ్చిననాడు వాటితో రెండుమూడుసార్లు జాడించింది. ద్రావకం సీసా అటకెక్కింది. ఆముదం విషయంలో మాత్రం మా అమ్మ దగ్గర రాజీకి రావలసి వచ్చింది. నూనె స్నానం ఉంటుంది, కానీ నడుము కింద బాగా తుడిచి, పావుగంట గాలికి వదిలి అప్పుడు గుడ్డ కడతారు. ఆ పావుగంటలో ఏం జరిగినా ఎవరూ ఎవరినీ అనకూడదు.

మడతలో మాత్రం మా అమ్మను మించినవాళ్ళు లేరు. మా అమ్మాయి చూసిన వీడియోల్లో కూడా ఇదే ఉందట, కాకపోతే ఇంగ్లీషులో ఉందట. "మగబిడ్డకు మందం ముందర ఉండల్ల, ఆడబిడ్డకు అడుగున ఉండల్ల. ఎక్కడ పడుతుందో అక్కడే కదరా బట్ట ఉండేది!" అని ఆమె సిద్ధాంతం. పంచెముక్కను పొడుగ్గా మడిచి, పైకొనను తిరిగి ముందుకు మడిస్తే ముందువైపు నాలుగు పొరలు, వెనక రెండు. దాన్ని మొలతాడుకు దోపి, తొడల దగ్గర వదులు లేకుండా లోపలికి తిప్పేది. బొడ్డుముక్క ఇంకా రాలలేదు కాబట్టి ముందుకొన దానికి కిందనే ఆపేది. బొడ్డుముక్క సాధారణంగా ఒకటి రెండు వారాల్లో రాలుతుంది. అందాకా దానికి గాలి తగలాలి, తడి తగలకూడదు, ఏమీ పూయకూడదు. డాక్టరమ్మ కూడా ఇదే చెప్పింది.

రబ్బరు షీటు గురించి ఒక మాట. షీటు పక్కను కాపాడుతుంది గానీ బిడ్డను కాపాడదు. తడిగుడ్డ కింద గాలి ఆడని షీటు ఉంటే, మన ఊరి వేడికి బిడ్డ వీపూ పిర్రలూ ఉడికిపోతాయి. షీటుమీద మందపాటి నూలుగుడ్డ ఉండి తీరాలి. మావాడికి అయిదోరోజుకే తొడ సందుల్లో ఎర్రగా దద్దు లేచింది. దుప్పటి తడిస్తే పోయేది ఒక ఉతుకు, కానీ ఒళ్ళు ఒరుసుకుంటే బిడ్డ ఏడుపు చూడలేము.

ఇక రెండో పార్టీ డైపర్లు. మా అమ్మాయికి స్నేహితురాళ్ళు కానుకగా ఇచ్చినవి నాలుగు కేజీల పైబడిన పిల్లలకు. మావాడు మూడు కేజీలు కూడా లేడు. ప్యాకెట్టు మీద బరువు అచ్చువేసి ఉంటుంది, ఎవరం చదవలేదు. తాత ప్యాంటు మనవడికి వేసినట్టు తొడ దగ్గర వేలు దూరేంత సందు. నేను బజారుకు పోతే ఎక్కడ చూసినా లాగు మాదిరి తొడిగే రకమే. పురిటిబిడ్డకు రెండు పక్కలా అతికించే పట్టీలున్న రకం మేలు, నడుముకు తగినట్టు బిగించుకోవచ్చు. నాలుగు అంగళ్ళు తిరిగి సాధించాను.

సైజు సరిపోయాక కూడా రెండుసార్లు కారింది. పట్టీలు ఊడిపోతున్నాయి. దానికి కారణం మళ్ళీ ఆముదమే. నూనెచేతితో, పౌడరు చేతితో ముట్టుకుంటే పట్టీ అతుక్కోదు. ముందు చెయ్యి తుడుచుకోవాలి. తరువాత చూడవలసింది తొడల చుట్టూ ఉండే కుచ్చు. అది లోపలికి మడతపడి ఉంటే అక్కడినుంచే ధార. కట్టాక ఒక వేలితో తొడ చుట్టూ తడిమి కుచ్చును బయటికి లాగాలి. నడుము దగ్గర రెండువేళ్ళు పట్టేంత వదులు చాలు. వీపువైపు అంచు ముందువైపుకన్నా కొంచెం ఎత్తులో ఉండాలి, ఎందుకంటే తల్లిపాలు తాగే బిడ్డకు విరోచనం పసుపుపచ్చగా, నీళ్ళగా, నువ్వుగింజల్లాంటి పలుకులతో అవుతుంది. అది రోగం కాదు, కానీ వీపుమీదుగా మెడదాకా పోగలదు. తరచూ అట్లా వీపెక్కితే డైపరు చిన్నదైందని అర్థం.

ఇంకొకటి ఉంది. దాన్ని మేము పదకొండోరోజు తొట్లలో వేసే శాస్త్రంనాడు నేర్చుకున్నాము. మా వియ్యంకుడుగారు పట్టుపంచె కట్టుకుని పీటమీద కూర్చుని మనవణ్ణి ఒళ్ళోకి తీసుకున్నారు. కొత్త డైపరు, సరైన సైజు, పట్టీలు గట్టిగా, కుచ్చులు బయటికి. నేను ధైర్యంగా చూస్తున్నాను. చెవిలో పేరు చెప్పటానికి ఆయన వంగారో లేదో, డైపరు పైఅంచు మీదుగా చిన్న ఫౌంటెను లేచింది. మా వియ్యంకుడుగారు పెద్దమనిషి, "శుభం" అన్నారు. లోపలికి తెచ్చి విప్పితే తెలిసింది, తొందరలో కట్టినప్పుడు మగపిల్లవాడి అంగం పైకి తిరిగి ఉండిపోయింది. కట్టేటప్పుడు దాన్ని కిందికి చూసేట్టు సర్ది అప్పుడు మూయాలి. ఇంత చిన్న సంగతి నాలుగు తరాల ఆడవాళ్ళకు తెలుసు, ఆనాడు కట్టింది మాత్రం నేను.

ఈ డైపర్ల పుట్టుక గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. అమెరికాలో మారియన్ డోనవన్ అనే తల్లి, దుప్పట్లు మార్చి మార్చి విసిగి, స్నానాలగది తెరను కత్తిరించి గుడ్డమీద తొడిగే కవరు కుట్టింది. 1949లో న్యూయార్కులో పెద్ద అంగట్లో అమ్మకానికి పెట్టింది, 1951లో పేటెంటు తెచ్చుకుంది. వాడి పారేసే పాంపర్స్ 1961లో బజారుకు వచ్చింది. దాని వెనక ఉన్న విక్టర్ మిల్స్ అనే ఇంజనీరుకు మనవసంతానానికి గుడ్డలు మార్చటమంటే పరమ విసుగట. సాటి తాతగా నాకు ఆయన మీద ఎంతో గౌరవం కలిగింది. మొదట్లో వాటిలో కాగితపు గుజ్జే ఉండేది. 1980ల నుంచి కలిపిన ఒక తెల్లటి పొడి, తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్ళు పీల్చి జావలాగా మారి వదలకుండా పట్టుకుంటుంది. నేను ఒక డైపరు కోసి, ఆ పొడి గిన్నెలో వేసి నీళ్ళు పోసి చూశాను. సగ్గుబియ్యం పాయసంలాగా ఉబ్బింది. గిన్నె వంటింటిదని మా ఆవిడకు చాలా కోపం వచ్చింది.

ఆ పొడిని గురించి ఇంత ఎందుకు చెబుతున్నానంటే, మమ్మల్ని మోసం చేసింది అదే.

నాకు మొదటిరోజు నుంచీ ఒక పొడుగు నోటుబుక్కులో పద్దు రాసే అలవాటు. గంట, తడి, విరోచనం, పాలు, నాలుగు కాలములు. "మనవడికి కూడా లెడ్జరు తెరిచినారా?" అని మా ఆవిడ, "నాన్నా, బ్యాలెన్సు ఎంత?" అని మా అమ్మాయి వేళాకోళం చేసేవాళ్ళు. గుడ్డలు కట్టిన రోజుల్లో తడి కాలములో పదిహేనుకు తక్కువ లేదు. శాస్త్రంనాటి అవమానం తరువాత నేను అన్నీ సరిగ్గా చూసి, రెండురోజులు రాత్రీ పగలూ డైపర్లే కట్టించాను. మూడు గంటలకొకటి. పన్నెండోరోజు పక్క తడవలేదు. పదమూడోరోజు అసలు తడవలేదు. బొంత పొడి, చీర పొడి, తీగల మీద గుడ్డలు లేవు. బిడ్డ ఏడవకుండా నిద్రపోతున్నాడు. "ఇప్పుడు కదా ఇల్లు ఇల్లులాగా ఉంది" అని అందరం అనుకున్నాము. నేనైతే నా గొప్పే అనుకున్నాను.

ఆ రెండురోజులూ ఇంట్లో ఇంకొన్ని జరిగాయి, వాటిని ఎవరం కలిపి చూడలేదు. శాస్త్రానికి వచ్చిన చుట్టాల హడావిడిలో పాలవేళలు తప్పాయి. అలసిపోయిన మా అమ్మాయికి రొమ్ము గట్టిపడి జ్వరం వచ్చింది, పట్టినప్పుడల్లా నొప్పి. బిడ్డ నిద్రపోతున్నాడు కదా, లేపకండి, తల్లి కూడా పడుకోనీ అని నేనే చెప్పాను. కరెంటు రెండు మధ్యాహ్నాలు పోయింది. పురిటిగది కిటికీలు మూసే ఉన్నాయి, బిడ్డకు చెవులమీదుగా టోపీ, మీద దుప్పటి.

పదమూడోరోజు సాయంత్రం పద్దు కూడటానికి కూర్చున్నాను. ఆనాటి డైపర్లు మార్చినవి ఆరు. కానీ మా ఆవిడ ఒక మాట అంది: "ఇవి తేలిగ్గా ఉన్నాయండీ, కొత్తవాటి మాదిరే." డైపరు ముట్టుకుంటే ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, అదే దాని గొప్ప. తడిసిందో లేదో చేతికి తెలియదు, బరువుకు తెలుస్తుంది. అప్పుడు ఒక కొత్త డైపర్లో మూడు పెద్దచెంచాల నీళ్ళు పోసి ఒక చేతిలోనూ, మార్చి పక్కన పెట్టినది ఒక చేతిలోనూ పట్టుకుని చూశాను. ఆరింటిలో బరువున్నవి రెండే. మూడు గంటలకొకటి మార్చాము కాబట్టి ఆరు అని రాసుకున్నాను. అవి మార్చిన లెక్క, తడిసిన లెక్క కాదు. రెండు వేరు వేరు పద్దులను ఒకే కాలములో రాసిన తప్పు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరు చేసినా నేను ఊరుకోలేదు.

బిడ్డను చూస్తే నోరు ఎండి ఉంది. ఒళ్ళు వెచ్చగా ఉంది. పాదం గిల్లితే చిన్నగా మూలిగి మళ్ళీ నిద్రలోకి పోయాడు. మా అమ్మ, "ఎండకు దప్పిక అయింటాది, రెండు చుక్కలు చక్కెరనీళ్ళు పోద్దాంరా" అంది. మా అమ్మాయి వద్దంది. ఆటో పిలిచి ఆస్పత్రికి పోయాము.

డాక్టరమ్మ మొదట తూచింది. 2.65. పుట్టినప్పటికన్నా పావుకేజీ తక్కువ. పుట్టిన కొత్తలో బిడ్డలు కొంత బరువు తగ్గటం మామూలే, కానీ పది పద్నాలుగు రోజులకు పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. మావాడు పైకి ఎక్కవలసిన చోట దిగాడు. ఒంట్లో నీళ్ళు తగ్గాయంది, రక్తం పరీక్షకు పంపింది. నా నోటుబుక్కు చూపించాను, సిగ్గుపడుతూ. ఆమె నవ్వలేదు. పేజీలు తిప్పి, "సార్, ఇది మొన్ననే తెచ్చి ఉండాల్సింది. మొదటి వారం దాటినాక రోజుకు ఆరుకు తక్కువ బాగా తడిసిన గుడ్డలుంటే, ఏ టైమైనా సరే, తీసుకురండి. ఏడుస్తున్న బిడ్డ కన్నా ఇట్లా ఊరికే నిద్రపోయే బిడ్డకే నేను ఎక్కువ భయపడతాను" అంది.

ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నారు. నర్సమ్మ మా అమ్మాయి పక్కన కూర్చుని, బిడ్డ నోరు పెద్దగా తెరిచి చనుమొనే కాకుండా చుట్టూ నల్లటి భాగం కూడా పట్టేట్టు చూపించింది. నొప్పిగా ఉన్న వైపు మానకూడదు, పిండకుండా వదిలితే ఇంకా గట్టిపడుతుందంది. రెండు గంటలకొకసారి లేపి పట్టాలి. వాడికి పీల్చే ఓపిక లేనప్పుడు పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పోశారు. ఉగ్గుపాలతో వచ్చిన విద్య అని ఊరికే అంటుంటాము గానీ, ఉగ్గుగిన్నె అంచుమీద ఒక్కొక్క చుక్క జారటం కోసం ఇంతమంది ఊపిరి బిగపట్టి చూడటం నేను ఎప్పుడూ చూడలేదు. మా అమ్మ అడిగిన నీళ్ళ సంగతి కూడా డాక్టరమ్మ తేల్చింది. ఆరు నెలల దాకా ఎంత ఎండలోనైనా తల్లిపాలే, మంచినీళ్ళు కూడా అక్కరలేదు, ఎండ ఎక్కువైతే పాలు ఎక్కువసార్లు పట్టాలి. నీళ్ళతో చిన్నపొట్ట నిండితే పాలకు చోటుండదు. టోపీ తీసెయ్యమంది, కిటికీ తెరవమంది.

మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "మా కాలంలో గుడ్డే కదా కట్టేది, పొడిగా ఉంటే చేతికి తెలిసిపోతుండె" అంది. అది పార్టీ మాట కాదు, నిజంగానే అంది.

మరునాడు సాయంత్రం ఇంటికి పంపారు. అప్పటినుంచి మా ఇంట్లో రెండు పార్టీలూ కలిసిపోయాయి. పగలు గుడ్డలు, రాత్రికి డైపర్లు, ఎక్కడికైనా పోతే డైపర్లు. డైపరు కట్టినప్పుడు లోపల చిన్న నూలుముక్క ఒకటి పెట్టేవాళ్ళం, తీసి చూస్తే తడి తెలియాలని. నోటుబుక్కులో కాలములు అయిదయ్యాయి, "మార్చినది" వేరు, "తడిసినది" వేరు. ఖర్చు సంగతి అడుగుతారేమో, ఒక్కోటి పది రూపాయలు వేసుకుని రోజంతా డైపర్లే అయితే నెలకు రెండు మూడు వేలు, మా పద్ధతిలో అందులో సగానికి తక్కువ. వాడినవాటిని బాగా చుట్టి పొడిచెత్తలో వెయ్యమని 2016లో వచ్చిన చెత్త నిబంధనల్లో ఉండేది. మా వీధి మోరీలో తేలుతున్నవాటిని చూస్తే అవి అందరూ చదివినట్టు లేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రి మా అమ్మాయిని పడుకోబెట్టి, పాలు తాగిన బిడ్డను నేను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. ఆ పూటకు మా అమ్మ చేత్తో కట్టిన పంచెముక్కే. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి తొడమీద వెచ్చగా తగిలింది. ముందు నమ్మలేదు. తరువాత పంచె తడిసి మోకాలిదాకా పాకింది. నేను కదలలేదు. మా ఆవిడ దీపం వేసి చూసి, ఏమీ అనకుండా నోటుబుక్కూ పెన్నూ తెచ్చి నా చేతికిచ్చింది. రాశాను: రాత్రి 2-10. తడిసింది. గుడ్డ, పొత్తి, నా పంచె.

గదిలోంచి మా అమ్మ గొంతు వినబడింది. "ఏమిరా, తడిపినాడా?"

"తడిపినాడమ్మా."

"ఆ పంచె ఇప్పుడే నానబెట్టొద్దు. తెల్లారితే కుళాయి వస్తుంది, మంచినీళ్ళల్లో ఉతుకుదాం."